పరిశ్రమ, యూనివర్సిటీ కలిసి నానో మెటీరియల్ తయారుచేయాలంటే: హైదరాబాద్‌లో మొదటి శాంపిల్ నుంచి పైలట్ ప్లాంట్ దాకా

మెటీరియల్స్ పరిశోధనకు హైదరాబాద్‌లో లోటు లేదు. ప్రభుత్వ పరిశోధన సంస్థలు, యూనివర్సిటీలు చూస్తే, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లో రక్షణ రంగ లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ఎన్‌ఎఫ్‌టీడీసీ, తార్నాకలో ఐఐసీటీ, చర్లపల్లిలో సీ-మెట్, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ, కందిలో ఐఐటీ ఉన్నాయి. పరిశ్రమలకూ కొదవ లేదు: జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, పాశమైలారం, చర్లపల్లి, జీనోమ్ వ్యాలీ. అన్నీ ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవే.

అయినా జీడిమెట్లలో కోటింగ్స్ చేసే చిన్న యూనిట్ యజమానికి నానో జింక్ ఆక్సైడ్ కావాల్సి వస్తే ముందు గుర్తొచ్చేది ముంబై ట్రేడరో, చైనా సప్లయరో. అదే పదార్థం మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి నాలుగు బస్టాపుల అవతలే ఉండొచ్చు. ఆమె చేసిన పౌడర్ సీసాలో పడి అల్మారాలో ఉంటుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. వీళ్లిద్దర్నీ కలపడానికి కోట్ల రూపాయలేమీ అక్కర్లేదు. పని వరుస సరిగ్గా ఉంటే చాలు.

మన దగ్గర ఆ వరుస తరచూ తిరగబడుతోంది. ముందు ఎంఓయూ (అవగాహన ఒప్పందం), శాలువా, ఫొటో. తర్వాత ఏం చేద్దామన్న ఆలోచన. నిలబడిన భాగస్వామ్యాలను గమనిస్తే అవి ఒక సమస్యతో, ఒక పదార్థంతో, ఇద్దరూ ఒప్పుకున్న ఒక కొలత పద్ధతితో మొదలైనవే. కింద చెప్పేదంతా ఆ క్రమంలోనే ఉంటుంది. చిన్న, మధ్యతరహా యూనిట్ నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ల్యాబ్ వైపున్నవాళ్లు ఇదే దారిలో అటు నుంచి నడిచి రావచ్చు.

ఉదాహరణ లేకుండా చెబితే గాల్లో మాటలవుతాయి కాబట్టి ఒకటి అనుకుందాం. మీది చెక్కకు వేసే క్లియర్ కోటింగ్ చేసే యూనిట్. ఎండ తగిలే తలుపుల మీద కోటింగ్ రెండేళ్లకే పసుపెక్కుతోంది, పొరలుగా లేస్తోంది. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలను పీల్చుకోవడానికి అందులో వాడే ఆర్గానిక్ యూవీ అబ్సార్బర్ కాలం గడిచేకొద్దీ తన శక్తి కోల్పోతోంది. జింక్ ఆక్సైడ్ అలా పాడవదని విన్నారు. అక్కడి నుంచి మొదలుపెడదాం.

మొదటి అడుగు: సమస్యను ఫ్యాక్టరీ భాషలో ఒక పేజీ రాయండి

"సార్, మాకు నానో టెక్నాలజీ కావాలి" అని వెళ్తే ప్రొఫెసర్ గారు మర్యాదగా టీ ఇప్పించి, తమ పేపర్ల జాబితా చేతికిచ్చి పంపుతారు. అంతకంటే ఆయన చేయగలిగింది కూడా ఏమీ లేదు. మీ సమస్య ఏమిటో ఆయనకు తెలియాలి.

ఆ పేజీలో ఉండాల్సినవి: ఇప్పుడు ఏ రెసిన్ (ఆరి పొరగా గట్టిపడే జిగురు పదార్థం) వాడుతున్నారు, ఎక్కడ ఏం చెడుతోంది, ఎన్నాళ్లకు చెడుతోంది, దాన్ని మీరు ఏ పరీక్షతో పట్టుకుంటున్నారు. మీ దగ్గరున్న యంత్రాలు: వేగంగా తిప్పి కలిపే హై స్పీడ్ డిస్పర్సర్ ఉందా, చిన్న పూసలతో నూరే బీడ్ మిల్లు ఉందా. నెలకు ఎన్ని కిలోలు కావాలి. మారకూడనివి ఏవి: పారదర్శకత తగ్గకూడదు, ఆరే సమయం పెరగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కిలో ఎంత దాటితే మీకు గిట్టదు. చాలామంది ఈ అంకె చెప్పడానికి మొహమాటపడతారు. దయచేసి చెప్పండి. ఆ ఒక్క అంకె తెలిస్తే ఖరీదైన ఆల్కాక్సైడ్ రసాయనాలతో చేసే పద్ధతులు, గంటల తరబడి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి పాత్రలో) ఉడికించే పద్ధతులు మొదటి రోజే జాబితా నుంచి పోతాయి. లేకపోతే రెండేళ్ల తర్వాత పోతాయి.

ఇక్కడే ఇంకో ప్రశ్న నిజాయితీగా వేసుకోవాలి: నానో నిజంగా అవసరమా? సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని నానో అంటారు. క్లియర్ కోటింగ్‌కు ఇది అవసరమే. కణం కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే కంటికి కనిపించే వెలుతురును చెదరగొట్టదు కాబట్టి పొర పారదర్శకంగానే ఉంటుంది, యూవీని మాత్రం ఆపుతుంది. అదే మీరు చేసేది తెల్ల పెయింట్ అయితే పారదర్శకత గొడవే లేదు. మామూలు జింక్ ఆక్సైడ్‌తో పని జరిగేచోట నానోకు డబ్బు పెట్టొద్దు. ఈ మాట మీకు ముందే చెప్పే ప్రొఫెసర్ దొరికితే వదులుకోకండి.

రెండో అడుగు: ఎవరి తలుపు తట్టాలి

హైదరాబాద్ సంస్థలన్నీ ఒకే పని చేయవు. ఈ తేడా తెలియక తప్పు గుమ్మం దగ్గర ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

బాలాపూర్ ఏఆర్‌సీఐ కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద స్వయంప్రతిపత్తితో నడిచే సంస్థ. ల్యాబ్‌లో పుట్టినదాన్ని పరిశ్రమకు అప్పగించడమే దాని ప్రధాన బాధ్యత. తాగునీటి ఫిల్టర్లలో వాడే నానో సిల్వర్ సిరామిక్ క్యాండిల్, తనంతట తాను శుభ్రపడే బట్ట, వేడిని ఆపే సిలికా ఏరోజెల్ షీట్లు, లిథియం బ్యాటరీలకు కార్బన్ పూత వేసిన ఐరన్ ఫాస్ఫేట్ పౌడర్ అక్కడ రూపుదిద్దుకున్నాయి. పౌడర్లు, పూతలు, కిలోల స్థాయి తయారీ మీ విషయమైతే అక్కడికి వెళ్లాలి.

తార్నాక ఐఐసీటీ మూలాలు 1944 నాటివి. నిజాం కాలంలో పారిశ్రామిక పరిశోధన కోసం పెట్టిన ప్రయోగశాల అది. రసాయన ప్రక్రియలు, ఉత్ప్రేరకాలు, పాలిమర్లు, రెసిన్లు దాని బలం. మన ఉదాహరణలో రెసిన్‌కూ జింక్ ఆక్సైడ్‌కూ పొంతన కుదరకపోతే అడగాల్సిన మనుషులు అక్కడ ఉంటారు. అతి శుద్ధమైన లోహాలు, ఎలక్ట్రానిక్స్ పదార్థాలకైతే చర్లపల్లి సీ-మెట్. రాగి, నికెల్, టైటానియం వంటి ఇనుమేతర లోహాలకు ఎన్‌ఎఫ్‌టీడీసీ.

యూనివర్సిటీల సంగతి వేరు. అక్కడ దొరికేది లోతైన అవగాహన, మంచి పరికరాలు, నాలుగేళ్లు ఒకే పదార్థంతో గడిపే విద్యార్థులు. వాళ్లను టన్నుల లెక్కలో సరుకు అడగడం అన్యాయం. నా అభిప్రాయంలో ఈ నగరానికి సరిపోయే అమరిక ఇది: ఎందుకు పనిచేస్తోంది, ఎందుకు చెడుతోంది అన్నది యూనివర్సిటీ తేల్చాలి. గ్రాముల నుంచి కిలోలకు తీసుకెళ్లేటప్పుడు జాతీయ ప్రయోగశాల తోడు రావాలి. పరీక్ష, తయారీ మీ యూనిట్‌లో జరగాలి.

మనిషిని వెతకడానికి ఒక దారి చెబుతాను. శోధ్‌గంగ పోర్టల్‌లో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. అందులో ప్రయోగ విధానం అధ్యాయం చూడండి. ఎన్ని గ్రాములు చేశారు, ఎన్నిసార్లు కడిగారు, ఏ ఉష్ణోగ్రతలో ఆరబెట్టారు, ఏది కుదరలేదు, అన్నీ అక్కడ వివరంగా ఉంటాయి. జర్నల్ పేపర్లలో ఇవి రెండు లైన్లకు కుదించుకుపోతాయి. ఆ అధ్యాయం రాసిన విద్యార్థి గైడ్ ఎవరో చూసి ఆయనకు లేదా ఆమెకు మీ ఒక్క పేజీ పంపండి. ఎవరూ తెలియకపోతే రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రిచ్, అంటే రీసెర్చ్ అండ్ ఇన్నోవేషన్ సర్కిల్ ఆఫ్ హైదరాబాద్, ఇలాంటి పరిచయాలకే ఉంది.

దూరం కూడా చూసుకోండి. నానో డిస్పర్షన్ (ద్రవంలో కణాలు విడివిడిగా పరుచుకున్న మిశ్రమం) నిల్వలో మారుతుంది: కణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అడుగుకు దిగుతాయి. కొరియర్‌లో నాలుగు రోజులు తిరిగిన శాంపిల్ బయల్దేరిన శాంపిల్‌లా ఉండకపోవచ్చు. పొద్దున చేసింది సాయంత్రానికి మీ మిల్లులో పడేంత దగ్గరున్న ల్యాబ్‌కు ఉన్న విలువ ఏ ర్యాంకింగ్‌లోనూ కనిపించదు.

మూడో అడుగు: ఎంఓయూ కంటే ముందు శాంపిల్

రెండు పేజీల గోప్యత ఒప్పందం చేసుకుని, చిన్న మొత్తానికి డబ్బు కట్టి పరీక్ష పని చేయించుకోండి. యూనివర్సిటీల్లో కన్సల్టెన్సీ విభాగం ద్వారా ఇది జరుగుతుంది. ఏ పరికరం ఏ సంస్థలో ఉందో వెతికి సమయం బుక్ చేసుకోవడానికి కేంద్రం నడిపే ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది. డబ్బు తప్పక కట్టండి. ఉచితంగా చేయించుకున్న పని ల్యాబ్‌లో ఎప్పుడూ వరుసలో చివరే ఉంటుంది.

ఈ చిన్న పనిలో మీరు చూడాల్సింది రిపోర్టు ఒక్కటే కాదు. చెప్పిన తేదీకి ఇచ్చారా, ఫలితం బాగోలేకపోతే ఆ మాట సూటిగా చెప్పారా, మీ ఆపరేటర్ అడిగిన ప్రశ్నకు ఓపికగా జవాబిచ్చారా. అవతలివాళ్లూ మిమ్మల్ని ఇలాగే చూస్తుంటారు. బిల్లు ఎన్నాళ్లకు కట్టారన్నది వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

నాలుగో అడుగు: కొలత విషయంలో ముందే ఒప్పుకోండి

ఇంత పెద్ద ప్రక్రియలో ఒక్క అడుగు మీదే శ్రద్ధ పెట్టగలిగితే దీని మీద పెట్టండి. భాగస్వామ్యాలు ఎక్కువగా విరిగిపోయేది ఇక్కడే, అదీ ఇద్దరూ నిజమే చెబుతున్నప్పుడు.

ల్యాబ్ నుంచి పౌడర్ వస్తుంది. రిపోర్టులో 20 నానోమీటర్లు అని ఉంటుంది. మీ ఆపరేటర్ దాన్ని రెసిన్‌లో కలిపి హెగ్మన్ గేజ్ (లోతు క్రమంగా తగ్గే గాడి ఉన్న లోహపు పలక) మీద వేసి గీస్తాడు. గాడి మధ్యలోనే గరుకు గీతలు తేలతాయి, 40 మైక్రాన్ల దగ్గర. గాజు పలక మీద ఫిల్మ్ గీస్తే పొగ కమ్మినట్టు మసక. "సార్, మీ పౌడర్ గింజలు కడుతోంది" అని ఫోన్. "లేదండీ, 20 నానోమీటర్లే, గ్రాఫ్ పంపాను కదా" అని జవాబు. మూడో ఫోన్‌కు గొంతులు మారిపోతాయి.

జరిగింది ఇది. ల్యాబ్‌లో ఆ అంకె ఎక్స్‌-రే డిఫ్రాక్షన్ నుంచి, షెరర్ సూత్రంతో వచ్చింది. అది చెప్పేది స్ఫటికం పరిమాణం మాత్రమే. అలాంటి స్ఫటికాలు వేలు, లక్షలు అతుక్కుని ఉప్మాలో ఉండ కట్టిన రవ్వలా గట్టిపడినా ఎక్స్‌-రే గ్రాఫ్‌లో అదే 20 వస్తుంది. మీ గేజ్ చూపిస్తున్నది ఉండ పరిమాణం. రెండు కొలతలూ సరైనవే. కొలిచిన వస్తువులు వేరు.

అందుకే ఒకే పౌడర్‌ను కనీసం నాలుగు రకాలుగా చూడాలని ముందే రాసుకోండి. స్ఫటికానికి ఎక్స్‌-రే. ఆకారానికి, అతుకులకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. ద్రవంలో ఎలా ఉందో తెలియడానికి డైనమిక్ లైట్ స్కాటరింగ్. ఉపరితల వైశాల్యానికి బీఈటీ, అంటే కణాల మీద వాయువు ఎంత అంటుకుంటుందో చూసే పరీక్ష.

బీఈటీతో ఒక చక్కని అడ్డ తనిఖీ ఉంది, కాగితం మీద ఎవరైనా చేయొచ్చు. గుండ్రటి కణాలనుకుంటే, 6000ను పదార్థ సాంద్రత, బీఈటీ వైశాల్యం రెండిటి గుణకారంతో భాగిస్తే కణం వ్యాసం నానోమీటర్లలో వస్తుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో, వైశాల్యం గ్రాముకు చదరపు మీటర్లలో ఉండాలి. జింక్ ఆక్సైడ్ సాంద్రత 5.6. నిజంగా విడివిడిగా 20 నానోమీటర్ల కణాలైతే బీఈటీ గ్రాముకు సుమారు 54 చదరపు మీటర్లు చూపించాలి. 18 చూపిస్తే లెక్క ప్రకారం 60 నానోమీటర్లు. ఎక్స్‌-రే 20 అంటోంది, బీఈటీ 60 అంటోంది అంటే స్ఫటికాలు గట్టిగా అతుక్కుపోయాయన్నమాట. బీడ్ మిల్లు ఎంత తిప్పినా ఆ అతుకులు సులువుగా విడవవు. సమస్య మీ మిల్లుది కాదు, ఆరబెట్టడంలోనో కాల్చడంలోనో ఉంది. ఈ ఒక్క లెక్క నెలల తరబడి నడిచే వాదనను అరగంటలో తేలుస్తుంది.

లైట్ స్కాటరింగ్ విషయంలో ఒక జాగ్రత్త. ఈ స్థాయి చిన్న కణాలు చెదరగొట్టే కాంతి వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 100 నానోమీటర్ల కణం ఒక్కటి, 10 నానోమీటర్ల కణాలు పది లక్షలు ఇచ్చేంత సంకేతం ఇస్తుంది. కాబట్టి నాలుగు దుమ్ము కణాలు పడినా ఫలితం తలకిందులవుతుంది. శాంపిల్‌ను ఎంత పలచన చేశారు, ఎంతసేపు సోనికేట్ చేశారు (శబ్ద తరంగాలతో కుదిపారు), ఫిల్టర్ చేశారా అన్నది రిపోర్టులోనే ఉండాలి.

చివరిది, ఫ్యాక్టరీ పరీక్ష. మీ రెసిన్, మీ మిల్లు, ఫలానా నిమిషాలు, హెగ్మన్ రీడింగ్, గాజు మీద ఫిల్మ్ మసక, 50 డిగ్రీల దగ్గర నెల రోజుల నిల్వ. నీటి ఆధారిత ఎక్రిలిక్ రెసిన్ అయితే ఈ నిల్వ పరీక్ష వదలొద్దు. కరిగే జింక్ అయాన్ల వల్ల ఎమల్షన్ మెల్లగా చిక్కబడి డబ్బాలోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఈ పరీక్షలో నెగ్గిందే నెగ్గినట్టు అని రెండు వైపులా సంతకం పెట్టండి. మూడు వేర్వేరు బ్యాచ్‌లు నెగ్గాలి, ఒకటి చాలదు.

ఐదో అడుగు: ఒప్పందం

ఇప్పుడు లాయర్‌ను పిలవండి. నాలుగు పాయింట్లు గట్టిగా చూసుకుంటే మిగతావి సర్దుకుంటాయి.

ఎవరు ఏం తీసుకొచ్చారు. ప్రాజెక్టుకు ముందే మీకున్న ఫార్ములా మీది, వాళ్ల తయారీ పద్ధతి వాళ్లది. రెండిటినీ తేదీలతో అనుబంధంలో జాబితా చేయండి.

కొత్తగా పుట్టినది ఎవరిది. "ఇద్దరిదీ, సగం సగం" అనడం వినడానికి ధర్మంగా ఉంటుంది, మన చట్టంలో చిక్కులు తెస్తుంది. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 50 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉమ్మడి హక్కుదారుల్లో ప్రతి ఒక్కరూ ఆ పేటెంట్‌ను సొంతంగా వాడుకోవచ్చు. కానీ ఇంకొకరి సమ్మతి లేకుండా లైసెన్స్ ఇవ్వలేరు, తన వాటా అమ్మలేరు. యూనివర్సిటీ ఫ్యాక్టరీ పెట్టదు కాబట్టి సొంతంగా వాడుకునే హక్కు దానికి పెద్దగా ఉపయోగపడదు. లైసెన్స్ ఇద్దామంటే మీ సంతకం కావాలి. రేపు మీ యూనిట్‌ను ఎవరైనా కొనాలనుకుంటే యూనివర్సిటీ సంతకం కావాలి. అంతకంటే సుఖమైన దారి: పేటెంట్ యూనివర్సిటీ పేర ఉంచి, చెక్క కోటింగ్ రంగానికి మాత్రం ప్రత్యేక లైసెన్స్ మీరు తీసుకోండి. సన్‌స్క్రీన్‌కో రబ్బరుకో వాళ్లు వేరేవాళ్లకు ఇచ్చుకుంటారు. మూడేళ్లలో మీరు ఉత్పత్తి మొదలుపెట్టకపోతే ప్రత్యేక హక్కు పోతుందని రాయడానికి ఒప్పుకోండి. అది వాళ్లు అడగదగ్గ న్యాయమే.

ప్రచురణ. విద్యార్థికి పేపరు కావాలి, అది ఆమె జీవితం. మన చట్టంలో పేటెంట్ దరఖాస్తుకు ముందే వివరాలు బయటపెడితే కొత్తదనం పోతుంది. మినహాయింపులు చాలా ఇరుకు. దీనికి పరిష్కారం ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు. అది దాఖలు చేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల సమయం ఉంటుంది, పేపరు ఆపాల్సిన పని ఉండదు. రాతప్రతి మీకు చూపించాక 60 రోజుల్లో మీరు ప్రొవిజనల్ వేయాలి, లేకపోతే వాళ్లు ప్రచురించుకోవచ్చు అన్న నిబంధన రెండు వైపులా కాపాడుతుంది. ప్రొవిజనల్‌లో ఉన్నదానికే ఆ తేదీ రక్షణ వర్తిస్తుంది కాబట్టి పేపర్లో వచ్చే ప్రతి ముఖ్యాంశం అందులో ఉండాలి.

జీనోమ్ వ్యాలీలో మందుల నానో రూపాల మీద పనిచేసేవాళ్లకు అదనంగా ఒక మాట. అదే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డీ) వివరణలో కణ పరిమాణం పేరు పెట్టి మరీ ఉంది. తెలిసిన పదార్థాన్నే చిన్న కణాలుగా చేసినంత మాత్రాన అది కొత్త పదార్థం కాదు, సామర్థ్యంలో గణనీయమైన తేడా చూపించాలి. ఆ డేటా ఎవరు తయారుచేస్తారో, ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే ఉండాలి.

నాలుగోది విరమణ. ఎవరైనా మధ్యలో ఆపేస్తే విద్యార్థి ఫెలోషిప్ థీసిస్ పూర్తయ్యేదాకా సాగాలి. ఈ ఒక్క వాక్యం రాయని ఒప్పందం మీద సంతకం పెట్టొద్దని ప్రొఫెసర్లను వేడుకుంటున్నాను.

ఆరో అడుగు: డబ్బు

క్లుప్తంగా చెబుతాను, పథకాల గడువులు మారుతుంటాయి కాబట్టి. మొదటి ఆరు నెలల ఖర్చు సొంతంగా పెట్టుకోండి. డేటా చేతిలో ఉంటే దరఖాస్తు బలంగా ఉంటుంది. ఆ తర్వాత 2023 చట్టంతో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ (జాతీయ పరిశోధన ఫౌండేషన్) ప్రకటనలు గమనించండి. వాణిజ్య స్థాయికి వెళ్లేటప్పుడు టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు తక్కువ వడ్డీకి రుణం ఇస్తుంది. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) పథకానికి ఆమోదం తెలిపింది. అది సాంకేతిక సంసిద్ధత నాలుగో స్థాయి, ఆపై ఉన్న పనులకు. అంటే ల్యాబ్‌లో నమూనా పనిచేస్తుందని నిరూపించి ఉండాలి.

జీఎస్టీ సంగతి బడ్జెట్ వేసేటప్పుడే చూడండి. 2024 సెప్టెంబర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం, ప్రభుత్వ సంస్థలు, అర్హత ఉన్న యూనివర్సిటీలు గ్రాంట్లతో అందించే పరిశోధన సేవలకు మినహాయింపు సిఫార్సు చేసింది. ఆ తర్వాతి నెలలో అది అమల్లోకి వచ్చింది. మీరు కట్టే టెస్టింగ్ ఫీజు, కన్సల్టెన్సీ ఫీజు మాత్రం గ్రాంటు కాదు. పెద్ద కంపెనీలు ప్రభుత్వ యూనివర్సిటీలకు ఇచ్చే పరిశోధన విరాళం సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కిందకు రావచ్చు. అయితే దానికి బదులుగా పేటెంట్ హక్కు ఆశించకూడదు, సొంత వ్యాపారానికి చేసుకునే పని సీఎస్‌ఆర్ కాదు.

ఏడో అడుగు: మధ్యలో తిరిగే మనిషి

వారానికి ఒక రోజైనా విద్యార్థి మీ యూనిట్‌లో ఉండాలి. మీ ఆపరేటర్ నెలకు ఒకసారైనా ల్యాబ్‌కు వెళ్లాలి. ఆయన పదో తరగతి చదివినా సరే. రెసిన్ చిక్కదనం చేత్తో పట్టుకుని చెప్పగల మనిషి, మైక్రోస్కోప్ తెర మీద ఆ ఉండలను ఒక్కసారి కళ్లతో చూస్తే మిల్లు దగ్గర చేసే పని మారిపోతుంది. విద్యార్థికి బస్సు పాస్, భోజనం, సేఫ్టీ షూలు, కూర్చోవడానికి ఒక బల్ల ఇవ్వండి. వీటికయ్యే ఖర్చు మీ బడ్జెట్‌లో కనిపించనంత చిన్నది.

ఎనిమిదో అడుగు: గ్రాముల నుంచి కిలోలకు

ల్యాబ్‌లో 5 గ్రాములు చక్కగా వచ్చిన పౌడర్ 5 కిలోలకు వచ్చేసరికి వేరే వస్తువవుతుంది. పాత్ర ప్రతి కొలతా పది రెట్లు పెంచితే ఘనపరిమాణం వెయ్యి రెట్లు పెరుగుతుంది, వేడి బయటకు పోయే గోడ వంద రెట్లే పెరుగుతుంది. చిన్న బీకర్‌లో క్షణంలో కలిసిపోయే క్షారం, పెద్ద రియాక్టర్‌లో పడిన చోటే గాఢంగా ఉండిపోతుంది. అక్కడ కణాలు ఒక రకంగా, అంచున ఇంకో రకంగా పుడతాయి. క్షారం ఎంత వేగంగా, ఎక్కడ, స్టిరర్ ఏ వేగంలో ఉండగా వేశారో ల్యాబ్ నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచే రాయించండి.

నీళ్లు. ల్యాబ్‌లో లవణాలు తీసేసిన డీఅయనైజ్డ్ నీళ్లు, మీ దగ్గర బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో. కరిగిన లవణాలు కణాల మధ్య వికర్షణను దెబ్బతీసి ఉండలు కట్టిస్తాయి. ముడిసరుకు కూడా అంతే: ల్యాబ్‌లో బాగా శుద్ధమైన ఏఆర్ గ్రేడ్, మీరు కొనేది కమర్షియల్ గ్రేడ్. అందులో సీసం, కాడ్మియం జాడలుంటాయి. రెండో నెల నుంచే మీ నీళ్లు, మీ ముడిసరుకు ల్యాబ్‌కు పంపి వాటితోనే ప్రయోగాలు చేయమనండి. ఫలితాలు ముందు కాస్త పాడవుతాయి. అప్పుడే పాడవనివ్వండి.

వ్యర్థాలు కూడా ఇక్కడే లెక్కేయాలి. జింక్ నైట్రేట్‌ను కాస్టిక్ సోడాతో అవక్షేపించే పద్ధతి పేపర్లలో సర్వసాధారణం. సమీకరణం వేసి చూడండి: కిలో జింక్ ఆక్సైడ్‌కు రెండు కిలోలకు పైగా సోడియం నైట్రేట్ కడిగిన నీళ్లలోకి వస్తుంది. నెలకు 200 కిలోల ఉత్పత్తి అంటే 400 కిలోల పైచిలుకు నైట్రేట్. బీకర్‌లో ఇది ఎవరికీ కనిపించదు, జీడిమెట్లలో మాత్రం దీని మీదే యూనిట్ బతుకు ఆధారపడుతుంది. వేరే జింక్ లవణమో, వేరే దారో వెతకమని ప్రొఫెసర్ గారిని మొదట్లోనే అడగండి. నిజానికి అది మంచి పరిశోధన ప్రశ్న కూడా.

ఆరబెట్టడం గురించి నా సలహా ఒక్కటే: అవసరం లేకపోతే ఆరబెట్టకండి. నీళ్లు ఆవిరయ్యేటప్పుడే కణాలను దగ్గరకు లాగి అతికిస్తాయి. మీ కోటింగ్ ఎలాగూ ద్రవమే కాబట్టి కడిగిన తడి ముద్దనే, కణాలను విడివిడిగా ఉంచే డిస్పర్సెంట్‌తో కలిపి డిస్పర్షన్‌గా నిల్వ చేయండి. సాల్వెంట్ ఆధారిత రెసిన్ అయితే నీళ్ల నుంచి సాల్వెంట్‌కు మార్చే మెట్టు ఒకటి కలుస్తుంది, అయినా పొడి చేసి మళ్లీ విడగొట్టడం కంటే మేలు. పైగా నానో పౌడర్ గాల్లోకి లేచే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

తొమ్మిదో అడుగు: భద్రత, అనుమతులు

పొడి పౌడర్ తప్పనిసరైతే తూకం, బస్తా విప్పడం, నింపడం మూసిన గదిలో, సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎగ్జాస్ట్ కింద జరగాలి. చీపురు వాడొద్దు, కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదొద్దు. తడి గుడ్డతో తుడవండి లేదా హెపా వాక్యూమ్ పెట్టండి. గుడ్డ మాస్కు పనికిరాదు, ముఖానికి బిగుతుగా పట్టే రెస్పిరేటర్ కావాలి. అల్యూమినియం వంటి లోహాల నానో పౌడర్లైతే నిప్పంటుకుని పేలే గుణం కూడా ఉంది. వాటి జోలికి నిపుణులు లేకుండా వెళ్లొద్దు.

కొత్త ఉత్పత్తి కలుపుతున్నారు కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు, నడపడానికి సమ్మతులు కావాలి. రాష్ట్ర సింగిల్ విండో టీజీ-ఐపాస్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రమాదకర వ్యర్థాలకు 2016 నిబంధనలు వర్తిస్తాయి. ల్యాబ్‌లో పోగైన వ్యర్థాలను సింక్‌లో పోయకుండా లేబుల్‌తో డబ్బాలకెత్తే అలవాటు విద్యార్థికి ముందే ఉంటే ఇక్కడ పని సగం తేలికవుతుంది.

పదో అడుగు: ఒక్క యూనిట్ నుంచి ప్రాంతానికి

ఒక ప్రాజెక్టు నెగ్గాక, పక్క షెడ్డువాళ్లకూ ఇలాంటి అవసరమే ఉందని తెలుస్తుంది. ఒకరికి రబ్బరులో, ఒకరికి ప్లాస్టిక్‌లో, ఒకరికి బట్టల మీద. అందరికీ కావాల్సిన బీడ్ మిల్లు, స్ప్రే డ్రయర్, బీఈటీ యంత్రం ఎవరికి వాళ్లు కొనుక్కోలేరు.

బెల్జియంలో లువెన్ నగరంలో 1984లో ఫ్లాండర్స్ ప్రభుత్వం అండతో మొదలైన సెమీకండక్టర్ పరిశోధన కేంద్రం ఐమెక్ దీనికో దారి చూపించింది. పోటీ కంపెనీలే ఒకే క్లీన్‌రూమ్‌లో ప్రాథమిక పరిశోధన ఖర్చు పంచుకుంటాయి. ఉమ్మడి జ్ఞానం సభ్యులందరూ వాడుకుంటారు, ఎవరి సొంత ఉత్పత్తికి చెందిన భాగం వాళ్ల దగ్గరే ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీలో ప్రభుత్వం, అక్కడి స్టేట్ యూనివర్సిటీ, ఐబీఎం వంటి కంపెనీలు కలిసి సెమీకండక్టర్ నానో కేంద్రం కట్టాయి. అవి వేల కోట్ల వ్యవహారాలు, మనం అక్కడి నుంచి భవనం కాదు, ఉమ్మడిది ఏది, సొంతం ఏది అని గీత గీసిన పద్ధతి తెచ్చుకోవాలి.

ఐదారు యూనిట్లు, ఒక యూనివర్సిటీ, ఒక జాతీయ ప్రయోగశాల చాలు. ఉమ్మడి భాగంలోకి వచ్చేవి: కొలత పద్ధతులు, రిఫరెన్స్ శాంపిల్, నీటి శుద్ధి, వ్యర్థాల పరిష్కారం, భద్రత శిక్షణ. వీటిలో ఎవరి వ్యాపార రహస్యమూ లేదు. సొంత భాగంలో ఉండేవి: రెసిన్ ఫార్ములా, కస్టమర్లు, ధర. సభ్యత్వ రుసుము టర్నోవర్‌ను బట్టి, ఓటు మాత్రం అందరికీ ఒకటే. లేకపోతే పెద్ద కంపెనీ సమస్యే అందరి సమస్యగా మారిపోతుంది. పరికరాలు యూనివర్సిటీ ఆవరణలో ఉంటే రాత్రివేళ, సెలవుల్లో కూడా సభ్యులకు గంటలు కేటాయించాలి, ఆపరేటర్ జీతం కన్సార్టియం (ఈ ఉమ్మడి బృందం) ఇవ్వాలి. గ్రాంటుతో కొన్న యంత్రం నడిపే మనిషి లేక గుడ్డ కప్పుకుని ఉండటం మన దగ్గర చాలాచోట్ల చూస్తాం. అందుకే యంత్రం ధరతో పాటు ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం, ఆపరేటర్ జీతం ఒకే బడ్జెట్ లైనులో పెట్టండి, విడదీయనివ్వకండి.

ప్రతి మూడు నెలలకు ఒకసారి అదే రిఫరెన్స్ శాంపిల్‌ను సభ్యుల ల్యాబ్‌లన్నీ కొలిచి అంకెలు ఒకే పట్టికలో పెట్టాలి. తేడా వచ్చినచోట ఎందుకొచ్చిందో చూడటానికి ఇద్దరు విద్యార్థులు, ఒక యూనిట్ కెమిస్ట్ కలిసి వెళ్లాలి. సభ్యుడెవరైనా బయటకు పోతే కట్టిన రుసుము వెనక్కి రాదు, అప్పటిదాకా పుట్టిన ఉమ్మడి జ్ఞానం వాడుకునే హక్కు మాత్రం ఉంటుంది. యంత్రాలు యూనివర్సిటీకే ఉండిపోతాయి. ఈ రెండు షరతులు మొదటి సమావేశంలోనే మినిట్స్‌లో రాయించండి, రుసుము చెక్కులు ఆ తర్వాతే తీసుకోండి.